తొట్టిలో తిమింగలం: ఓర్కాల చెర వెనుక చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. మిత్రులు నా దగ్గర నుంచి మళ్ళీ సీడెడ్ జిల్లాల రెవెన్యూ సంగతులే వస్తాయని అనుకుని ఉంటారు. ఈసారి మన తాలూకాలను వదిలి చాలా దూరం వెళ్ళాను. అందుకు కారణం మా ఇంట్లో ఉన్న ఒక ఫోటో.

2009లో, నేను రిటైరైన మరుసటి సంవత్సరం, నా భార్యతో కలిసి అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాను. ఒక ఆదివారం వాడు మమ్మల్ని సముద్ర జీవుల పార్కుకు తీసుకుపోయాడు. పెద్ద స్టేడియం, మధ్యలో నీలం రంగు నీళ్ళ తొట్టి. మన సినిమా హాలులో నేల టికెట్టు వాళ్ళలాగా పిల్లలందరూ ముందు వరుసల్లో కూర్చున్నారు. పాట మొదలైంది. నలుపు, తెలుపు రంగుల్లో లారీ అంత జంతువు ఒకటి నీళ్ళలోంచి పైకి లేచి, గాలిలో తిరిగి, దభాలున పడింది. ముందు వరుసలన్నీ తడిసిపోయాయి. మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. నా ఒళ్ళో ఎగిరి గంతులేసింది. నేను చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. బయటకు వచ్చాక ఆ జంతువు బొమ్మ పక్కన అందరం నిలబడి ఫోటో తీయించుకున్నాం. అదే ఆ ఫోటో.

2023 ఆగస్టులో, ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న ఆ మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, మయామీలో లోలీటా చచ్చిపోయింది. యాభై మూడేళ్ళు తొట్టిలోనే ఉంది. మనం కూడా ఆ రోజు చప్పట్లు కొట్టాం కదా?" అంది. మేము చూసింది లోలీటాను కాదు, ఇంకోదాన్ని. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పిల్ల అడిగిన ప్రశ్న అది కాదు. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినంత చదివాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

తుపాకీ నుంచి టికెట్టు దాకా

ఇంగ్లీషులో దీన్ని కిల్లర్ వేల్ అంటారు. శాస్త్రీయంగా ఇది డాల్ఫిన్ల కుటుంబానికి చెందినది, ఆ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. ఓర్కా అన్నది శాస్త్రీయ నామంలోని మాట. అమెరికా, కెనడా దేశాల పడమటి తీరంలో జాలర్లకు ఒకప్పుడు ఇవి శత్రువులు. తమ సాల్మన్ చేపలను తినేస్తున్నాయని కనిపిస్తే కాల్చేవారు. 1961లో కెనడా ప్రభుత్వ మత్స్య శాఖ ఒక జలసంధి దగ్గర వీటిని చంపడానికి మెషిన్ గన్ కూడా బిగించింది. దాన్ని పేల్చలేదు గానీ, ఆనాటి ప్రభుత్వ వైఖరి తెలుసుకోవడానికి ఆ ఒక్క సంగతి చాలు.

అదే 1961లో కాలిఫోర్నియా తీరంలో ఒక ఓర్కాను మొదటిసారి ప్రాణాలతో పట్టుకుని తొట్టిలో పెట్టారు. రెండు రోజులు కూడా సరిగా బతకలేదు. 1964లో వాంకూవర్ అక్వేరియం వారికి శిల్పం చెక్కించడానికి నమూనాగా ఒక ఓర్కా కావలసి వచ్చింది. చంపి తెమ్మని మనుషులను పంపారు. తాడు కట్టిన ఈటెతో కొట్టారు. అది చావలేదు. ఆ తాడుతోనే లాక్కుని నగరానికి తెచ్చి రేవులో పెట్టారు. మోబీ డాల్ అని ఆడపేరు పెట్టారు. దాదాపు రెండు నెలలు అది ఏమీ తినలేదు. మూడు నెలలు గడవకముందే చనిపోయింది. చనిపోయాక చూస్తే మగది! అంటే పట్టుకున్నవారికి ఆ జంతువు గురించి తెలిసింది అంతే.

అయితే ఒక మేలు కూడా జరిగింది. మనిషిని చూస్తే మింగేస్తుందనుకున్న జంతువు సాధువుగా ఉందని, దాని కూతలు వినసొంపుగా ఉన్నాయని జనం తెలుసుకున్నారు. భయం పోయింది. భయం పోయిన చోట వ్యాపారం మొదలైంది. 1965లో కెనడాలోని నామూ అనే ఊరి దగ్గర జాలర్ల వలలో ఒక మగ ఓర్కా చిక్కింది. సియాటిల్ నగరంలో అక్వేరియం నడుపుతున్న టెడ్ గ్రిఫిన్ దాన్ని 8 వేల డాలర్లకు కొని, తేలే పంజరంలో ఉంచి, సుమారు 400 మైళ్ళు సముద్రం మీద లాక్కుని వచ్చాడు. జనం తండోపతండాలుగా చూడవచ్చారు. అతను దానితో కలిసి ఈదాడు, దాన్ని ప్రేమించాడు కూడా. ఏడాదికి అది చనిపోయింది. దానికి జతగా ఉంటుందని 1965 అక్టోబరులో ఒక ఆడపిల్లను పట్టారు. పట్టేటప్పుడు దాని తల్లి చనిపోయింది. ఆ పిల్ల పేరే షాము. సాన్ డియాగోలోని సీ వరల్డ్‌కు దాన్ని పంపారు. 1971లో అది చనిపోయినా పేరు చావలేదు. తర్వాత వచ్చిన జంతువులకు కూడా ప్రదర్శనలో అదే పేరు వాడుతూ వచ్చారు. చూసేవాళ్ళకు ఒక షాము పోయి ఇంకొక షాము వచ్చిందని తెలియనే తెలియదు.

పెన్ కోవ్, 1970 ఆగస్టు 8

ఆ రోజుల్లో నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. అదే ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, విడ్బీ దీవి పక్కన ఉన్న పెన్ కోవ్ అనే చిన్న అఖాతంలో జరిగిన సంగతి ఇది. గ్రిఫిన్, అతని భాగస్వామి డాన్ గోల్డ్స్‌బెర్రీ పడవలతో, విమానంతో, నీళ్ళలో పేలే మందుగుండుతో ఓర్కాల గుంపును తరిమారు. గుంపులో సుమారు ఎనభై ఉన్నాయి. వాటికి ఇలా తరమబడిన అనుభవం అంతకుముందే ఉంది. పిల్లలు లేనివి ఒక దారిన పోయి పడవలను తమ వెంట తిప్పుకున్నాయని, పిల్లతల్లులు మరో దారిన వెళ్ళాయని చెబుతారు. కానీ అవి ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రాక తప్పదు. పైన విమానం ఉంది. కనిపెట్టింది. అఖాతంలోకి మళ్ళించి వలలు వేశారు.

పార్కులకు కావలసింది పిల్లలు. పెద్దవాటిని విమానాల్లో చేరవేయడం కష్టం, ఖర్చు ఎక్కువ. అందుకని పిల్లలను తల్లుల నుంచి వేరు చేసి, తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగారు. వల బయటికి వదిలేసిన పెద్దవి వెళ్ళిపోలేదు. అక్కడే తిరుగుతూ అరుస్తూ ఉండిపోయాయి. ఒడ్డున నిలబడిన ఊరివాళ్ళు ఆ అరుపులను జీవితాంతం చెప్పుకున్నారు. ఏడు పిల్లలను తీసుకుపోయారు. వలల్లో చిక్కుకుని కొన్ని పిల్లలు ఊపిరాడక చనిపోయాయి. వాటి పొట్టలు కోసి, రాళ్ళు నింపి, తోకలకు లంగర్లు కట్టి సముద్రంలో ముంచారు. లెక్కలో చూపకుండా ఉండడానికి. ఆ పనికి కుదిరిన జాన్ క్రో అనే ఈతగాడు ముసలితనంలో కెమెరా ముందు కూర్చుని కన్నీళ్ళతో ఈ విషయం చెప్పాడు. అదే ఏడాది నవంబరులో కొన్ని కళేబరాలు బయటపడ్డాయి. విషయం ఊరందరికీ తెలిసింది.

ఇక్కడ నా ఉద్యోగ బుద్ధి ఒక ప్రశ్న వేసింది: వీళ్ళ మీద కేసు పెట్టలేదా? పెట్టడానికి ఏముంది? ఓర్కాలను పట్టరాదనే చట్టం ఆనాడు లేదు. చట్టరీత్యా అంతా సక్రమమే. అంత సక్రమమైన పని అయితే రాళ్ళు కట్టి ముంచవలసిన అవసరం ఎందుకు వచ్చిందో పాఠకులే ఆలోచించండి.

జనాభా లెక్కలు తీసిన మనిషి

పార్కుల వాళ్ళు అప్పుడు చెప్పిన సమాధానం ఒకటే. సముద్రంలో వేలకు వేలు ఉన్నాయి, కొన్ని పట్టుకుంటే ఏం పోతుంది? ఎవరూ లెక్క పెట్టలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

కెనడా ప్రభుత్వ మత్స్య శాఖలో మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఓర్కాల సంఖ్య తేల్చమని ఆయనకు పని అప్పగించారు. దగ్గర పెద్ద బలగం లేదు. జాలర్లకు, దీపస్తంభాల కాపలాదార్లకు, పడవల వాళ్ళకు వేల సంఖ్యలో ఫారాలు పంపించాడు. 1971 జులై 26న మీకు ఎక్కడెక్కడ ఎన్ని ఓర్కాలు కనిపించాయో రాసి పంపండి అన్నాడు. మన సెన్సస్ డ్యూటీ చేసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఫారాలన్నీ కలిపి చూస్తే వేలు కాదు, కొన్ని వందలే అని తేలింది. నమ్మనివాళ్ళు నమ్మలేదు.

అప్పుడాయన ఇంకో అడుగు వేశాడు. ప్రతి ఓర్కా వీపు మీద నిలబడే రెక్క అంచున గాట్లు, దాని వెనుక బూడిద రంగు మచ్చ దేనికదే వేరుగా ఉంటాయని ఫోటోల ద్వారా గుర్తించాడు. ఒక్కొక్క గుంపుకు ఒక అక్షరం, ఒక్కొక్క జంతువుకు ఒక నంబరు ఇచ్చాడు. జె, కె, ఎల్ అనే మూడు గుంపులు పెన్ కోవ్ ప్రాంతానివి. నంబరు ఇచ్చాక, ఫలానాది ఎవరి బిడ్డ, ఎవరితో తిరుగుతోంది అన్నది ఏళ్ళ తరబడి నమోదు చేయడం వీలైంది. 1970ల మధ్య నాటికి ఆ మూడు గుంపుల్లో మిగిలినవి సుమారు డెబ్భై. అప్పటికి పట్టుకుపోయినవి, పట్టడంలో చనిపోయినవి కలిపితే దాదాపు యాభై. అందులో ఎక్కువ పిల్లలే. అంటే ఒక తరం తుడిచిపెట్టుకుపోయింది. ఆ పిల్లలు పెరిగి ఉంటే కనవలసిన పిల్లలు కూడా లేకుండా పోయారు. 2005లో అమెరికా ప్రభుత్వం ఈ గుంపులను అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చింది. సాల్మన్ చేపల కొరత, కాలుష్యం, ఓడల రొద కూడా తోడయ్యాయి. నేటికీ ఆ సంఖ్య డెబ్భై పైచిలుకు దగ్గరే ఉంది.

బిగ్ గారు 1990లో చిన్న వయసులోనే చనిపోయారు. ఆయన మొదలుపెట్టిన రిజిస్టరును మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నారు. దాన్నుంచి బయటపడిన సంగతుల్లో మన వయసు వాళ్ళకు ఆసక్తి కలిగించేవి రెండు చెబుతాను.

మొదటిది. ఈ గుంపుల్లో కొడుకులు, కూతుళ్ళు జీవితాంతం తల్లి దగ్గరే ఉంటారు. పెద్దయ్యాక కూడా మగబిడ్డ తల్లిని విడిచిపోదు. ముప్ఫై ఏళ్ళు దాటిన మగ ఓర్కాకు తల్లి చనిపోతే, ఆ మరుసటి ఏడాది అది కూడా చనిపోయే అవకాశం సుమారు 14 రెట్లు పెరుగుతుందని 2012లో లెక్కగట్టారు. రెండవది. ఆడ ఓర్కాలకు నలభై ఏళ్ళ వయసు దగ్గర సంతానం ఆగిపోయినా, ఇంకా చాలా ఏళ్ళు బతుకుతాయి. కొన్ని ఎనభై కూడా దాటుతాయి. ఆ అవ్వలే గుంపుకు ముందు నడుస్తాయి. సాల్మన్ చేపలు కరువైన సంవత్సరాల్లో ఎక్కడ దొరుకుతాయో వాటికే తెలుసు. అవ్వ ఉన్న మనవళ్ళు బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువ. పని అయిపోయిన వాళ్ళని మనల్ని అనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క యాస కూడా ఉంటుంది. పిల్ల దాన్ని తల్లి దగ్గర నేర్చుకుంటుంది. 2018లో జె గుంపులోని ఒక తల్లి, పుట్టిన కాసేపటికే చనిపోయిన తన బిడ్డను ముక్కు మీద మోస్తూ 17 రోజులు సుమారు వెయ్యి మైళ్ళు ఈదింది. ఇదంతా తెలిశాక పెన్ కోవ్‌లో జరిగింది చేపల వేట అని అనుకోవడం నా వల్ల కాలేదు. అది ఒక ఇంట్లో చొరబడి పిల్లలను ఎత్తుకుపోవడమే.

ఒక సర్కారు ఉద్యోగి చేసిన పని

1972లో అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం చేసింది. అయితే ప్రదర్శన కోసం పర్మిట్ మీద పట్టుకోవచ్చునని వెసులుబాటు ఉంచింది. 1976 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియా పక్కన బడ్ ఇన్‌లెట్ అనే చోట సీ వరల్డ్ తరఫు మనుషులు ఆ పర్మిట్ మీదే ఆరు ఓర్కాలను వలలోకి తోలారు.

ఆ రోజు రాష్ట్ర గవర్నరు డాన్ ఎవాన్స్ దగ్గర సహాయకుడిగా పనిచేస్తున్న రాల్ఫ్ మన్రో భార్యతో, స్నేహితులతో కలిసి పడవ షికారుకు వచ్చాడు. మన రాయలసీమవాళ్ళకు మన్రో అనగానే కలెక్టరు మన్రో దొర గుర్తుకొస్తాడు. ఈయన వేరు. విమానం పై నుంచి మందుగుండు వేయడం, ఓర్కాలు అరవడం ఈయన కళ్ళారా చూశాడు. సెలవురోజు మనకెందుకులే అనుకోలేదు. గవర్నరుకు చెప్పాడు. రాష్ట్రం సీ వరల్డ్ మీద కోర్టుకు వెళ్ళింది. చివరకు ఓర్కాలను వదిలేశారు. ఇకపై వాషింగ్టన్ జలాల్లో ఓర్కాలను పట్టబోమని కంపెనీ ఒప్పుకుంది. 1970లో అడ్డుకునే చట్టం లేదు. 1976లో పర్మిట్ ఉంది. రెండు సార్లూ కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. తేడా వచ్చింది, కాగితం పక్కనపెట్టి కళ్ళతో చూసిన ఒక ఉద్యోగి వల్ల.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1980లలో నేను తాలూకా కచేరీలో ఉన్నప్పుడు మా ఊరికి సర్కస్ కంపెనీ ఒకటి వచ్చేది. మైదానం అనుమతి కోసం దరఖాస్తు వచ్చేది. దానికి జంతువుల జాబితా జతపరిచేవారు: సింహాలు ఇన్ని, ఎలుగుబంట్లు ఇన్ని అని. నేను చలానా కట్టారా లేదా చూసి, "అనుమతించవచ్చును" అని నోట్ పెట్టేవాణ్ణి. ఆఫీసులో అందరికీ పాసులు వచ్చేవి. పిల్లలను తీసుకుపోయేవాణ్ణి. డేరా వెనుక బోన్లు ఎంత ఉన్నాయని ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. అది నా సీటు పని కాదనుకున్నాను. తర్వాత మన దేశంలోనే ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు ఇవ్వరాదని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. అప్పుడు గుర్తుకొచ్చాయి నా నోట్లు.

లోలీటా సర్వీసు

అమెరికాలో దారి మూసుకుపోయేసరికి వేట ఐస్‌లాండ్ దేశానికి మారింది. అక్కడ పట్టిన వాటిలో ఇద్దరి పేర్లు లోకమంతా విన్నది. 1979లో పట్టిన కైకో, 1983లో పట్టిన తిలికుం. వాళ్ళ సంగతికి వచ్చేముందు పెన్ కోవ్ పిల్లల్లో ఒకదాని కథ ముగించాలి.

ఆ ఏడుగురిలో ఒక ఆడపిల్లను 1970 సెప్టెంబరులో ఫ్లోరిడాలోని మయామీ సీక్వేరియంకు తరలించారు. మొదట టోకిటే అనీ, తర్వాత ప్రదర్శన కోసం లోలీటా అనీ పేరు పెట్టారు. తొట్టి పొడవు 80 అడుగులు. లోతు ఎక్కువలో ఎక్కువ 20 అడుగులు. పెరిగాక ఆమె పొడవే సుమారు 20 అడుగులు. సముద్రంలో రోజుకు వంద మైళ్ళ దాకా ఈదగల జంతువు అది. అక్కడ అంతకుముందే హ్యూగో అనే మగ ఓర్కా ఉండేది. అది తొట్టి గోడకు తల బాదుకునేది. 1980 మార్చిలో మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయింది. ఆ తర్వాత నలభై మూడేళ్ళు లోలీటా తన జాతివాళ్ళ ముఖం చూడలేదు. చిన్న జాతి డాల్ఫిన్లే తోడు. 1987 నాటికి, ఆ ప్రాంతం నుంచి తీసుకుపోయిన తన గుంపుల వాళ్ళలో ఆమె ఒక్కతే మిగిలింది.

మనం 58 ఏళ్ళకు రిటైరయ్యాం. నా సర్వీసు 36 సంవత్సరాలు. అందులో ఎల్.టి.సి.లు, ఆర్జిత సెలవులు, మెడికల్ లీవులు అన్నీ వాడుకున్నాను. లోలీటా చేత ప్రదర్శనలు మాన్పించింది 2022లో. అంటే యాభై ఏళ్ళు దాటిన సర్వీసు. 2023 మార్చిలో ఆమెను సొంత సముద్రానికి చేర్చి, వలకట్టిన అఖాతంలో ఉంచుతామని యాజమాన్యం, దాతలు కలిసి ప్రకటించారు. లమ్మీ అనే ఆదివాసీ తెగవారు ఎన్నో ఏళ్ళుగా దీనికోసం పోరాడారు. వాళ్ళ భాషలో ఓర్కాలకు ఉన్న పేరుకు అర్థం "అలల కింది మా బంధువులు" అని. ఆమెకు తల్లి అని భావిస్తున్న ముసలి ఓర్కా అప్పటికి ఇంకా ఆ నీళ్ళలో తిరుగుతూనే ఉంది. కాని 2023 ఆగస్టు 18న లోలీటా ఆ తొట్టిలోనే కన్ను మూసింది. చివరకు అస్థికలే స్వస్థలానికి చేరాయి. లమ్మీ పెద్దలు వాటిని సముద్రంలో కలిపారు. గంగలో, కృష్ణలో కలిపే మనకు ఆ కార్యం అర్థం వేరే చెప్పనక్కరలేదు.

రెండో పక్షం వాదన

న్యాయంగా మాట్లాడాలంటే అవతలి వాళ్ళు చెప్పేది కూడా వినాలి. ఆకలి లేదు, శత్రువు లేడు, జబ్బు చేస్తే డాక్టరున్నాడు అంటారు. లక్షల మంది పిల్లలు ఈ జంతువులను ప్రేమించడం అక్కడే నేర్చుకున్నారు అంటారు. గర్భం 17 నెలలు మోస్తుందన్నటువంటి సంగతులు తొట్టిలో చూడబట్టే తెలిశాయంటారు. ఇవేవీ అబద్ధాలు కావు. తుపాకీతో కాల్చే రోజుల నుంచి చట్టం చేసే రోజులకు జనం రావడానికి మోబీ డాల్, నామూ కారణమన్న మాట నేనూ ఒప్పుకుంటాను.

అయితే ఆ ప్రేమ నేర్చుకున్నాక ఏం చేశామన్నది ప్రశ్న. తిలికుంను రెండేళ్ళ పిల్లగా పట్టుకొచ్చారు. 1991లో కెనడాలో అది ఉన్న కొలనులో జారిపడిన కెల్టీ బర్న్ అనే ఇరవై ఏళ్ళ ఉద్యోగిని అక్కడి మూడు ఓర్కాల మధ్య ప్రాణాలు కోల్పోయింది. ఆ తర్వాత దాన్ని ఫ్లోరిడాలోని ఓర్లాండో సీ వరల్డ్‌కు అమ్మారు. 1999లో రాత్రిపూట తొట్టిలో దిగిన ఒకతను అందులో శవమై తేలాడు. 2010 ఫిబ్రవరి 24న అనుభవం గల శిక్షకురాలు డాన్ బ్రాన్‌షో దాని చేతిలో చనిపోయింది. మేము ప్రదర్శన చూసి వచ్చి ఏడాది కూడా కాలేదు. సముద్రంలో ఓర్కా మనిషిని చంపిన సంఘటన ఒక్కటి కూడా నమోదు కాలేదు. ఉద్యోగి భద్రత చూసే ప్రభుత్వ శాఖ జరిమానా వేసింది. 2014లో అప్పీలు కోర్టు కూడా శాఖ పక్షమే తీర్పు ఇచ్చింది. 2013లో వచ్చిన "బ్లాక్‌ఫిష్" అనే డాక్యుమెంటరీ ఈ కథను ఇంటింటికీ చేర్చింది. టికెట్లు తగ్గాయి. 2016 మార్చిలో సీ వరల్డ్ ఇకపై ఓర్కాలకు పిల్లలు పుట్టించబోమని ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియా, 2019లో కెనడా చట్టాలు చేశాయి.

మరి ఉన్నవాటిని వదిలేయవచ్చు కదా అని మా మనవరాలు అడిగింది. అది అంత సులువు కాదు. కైకోను ఒక సినిమాలో వేయించారు. ఆ సినిమా చూసిన పిల్లలు దాన్ని విడిపించమని డబ్బులు పంపారు. 1998లో విమానంలో ఐస్‌లాండ్ చేర్చారు. 2002లో అది సముద్రం దాటి నార్వే వెళ్ళింది. కానీ అడవి ఓర్కాల గుంపులో కలిసిపోలేదు, మనుషుల పడవల వెంటే పడింది. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. అది ఓటమి అన్నవాళ్ళున్నారు. చివరి అయిదేళ్ళు సముద్రపు నీళ్ళలో గడిపింది కదా అన్నవాళ్ళున్నారు. తొట్టిలోనే పుట్టిన పిల్లకు సముద్రంలో వేట రాదు, కలిసే కుటుంబం లేదు. అందుకే నా అభిప్రాయం ఇది. కొత్తగా పట్టకూడదు, పుట్టించకూడదు, ఆడించకూడదు. ఉన్నవాటిని, వీలైతే వలకట్టిన అఖాతాల్లో, చివరిదాకా మంచిగా సాకాలి. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని మనం ఎన్నిసార్లు ధర్నాలు చేయలేదు?

మన దేశం మాట

ఓర్కాలను ఆడించే పార్కు మన దేశంలో లేదు. కాని డాల్ఫిన్ల ప్రదర్శనశాల ఒకటి 1998లో చెన్నై దగ్గర పెట్టారు. విదేశం నుంచి తెచ్చిన డాల్ఫిన్లు నెలల్లోనే చనిపోయాయి. తర్వాత కేరళ, మహారాష్ట్ర మొదలైన చోట్ల కొత్తవి పెట్టాలని ప్రతిపాదనలు వచ్చాయి. 2013 మే 17న సెంట్రల్ జూ అథారిటీ ఒక సర్క్యులర్ జారీ చేసి వాటిని అనుమతించవద్దని రాష్ట్రాలను కోరింది. డాల్ఫిన్లకు భారతదేశం మనిషితో సమాన హోదా ఇచ్చిందని విదేశీ పత్రికలు రాశాయి. సర్క్యులర్‌ను వాక్యం వాక్యం చదివితే అలా లేదు. ఇంత తెలివిగల ప్రాణులను మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని, వినోదం కోసం బంధించడం నైతికంగా సమ్మతం కాదని శాస్త్రవేత్తలు అభిప్రాయపడుతున్నారని అందులో ఉంది. హోదా ఇవ్వకపోయినా, ఆ కారణం ఆధారంగా ఫైలు మూశారు. ఆ నోట్ తయారుచేసిన ఉద్యోగి ఎవరో గానీ, నేను పెట్టిన సర్కస్ నోట్ల కంటే ఎన్నో రెట్లు మంచి నోట్ పెట్టాడు. ఒక్క ఓర్కాను కూడా తెచ్చి చంపకముందే మనం వద్దనుకున్నాం.

ఇతర దేశాల్లో ఈ వ్యాపారం పూర్తిగా ఆగలేదు. ప్రపంచం మొత్తం మీద సుమారు యాభై ఓర్కాలు ఇంకా తొట్టుల్లో ఉన్నాయి. చైనాలో కొత్త పార్కులు వచ్చాయి. మన సభ్యుల్లో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. మనం వెళ్ళినప్పుడు ప్రేమతో అన్నీ చూపిస్తారు. అలాంటి పార్కుకు పోదామంటే, వద్దు నాయనా, పడవలో సముద్రం మీదకు తీసుకుపో, కనిపిస్తే చూద్దాం, లేకుంటే లేదు అని చెప్పండి. విడ్బీ దీవి చుట్టుపక్కల ఒడ్డున నిలబడి కూడా వాటిని చూడవచ్చునట.

ఆ ఫోటోను ఆల్బంలోంచి తీసేద్దామా అని నా భార్యను అడిగాను. ఉంచమంది. "మనం వెళ్ళింది నిజం, చప్పట్లు కొట్టింది నిజం. తీసేస్తే పిల్లకు ఏమని చెబుతారు?" అంది. అందుకని ఉంచాం. వెనుక తేదీ వేసి, ఆ రోజు మాకు తెలియని విషయాలు రెండు వాక్యాల్లో రాశాను.

ఈ వ్యాసంలోని అభిప్రాయాలు నా సొంతం. కాదనే మిత్రులు వచ్చే సంచికకు తప్పక రాయవలసిందిగా మనవి.